లక్క సీలు వేసిన గురి

సత్యవేణి ఊపిరి బిగబట్టింది. కుడికన్ను స్కోపుకి ఆనించింది. అద్దంలో సన్నటి గీతలు రెండూ సరిగ్గా ఎలుగుబంటి భుజం మీద కలుసుకున్నాయి. గాలి లేదు. చెయ్యి వణకలేదు. వేలు మెల్లగా ట్రిగ్గరు మీదకు జారింది.

ఠప్!

ఎలుగుబంటి చలించలేదు. అది చలించే రకం కాదు. గోనెసంచిలో వరిగడ్డి కుక్కి, తారు పూసి నిలబెట్టిన బొమ్మ. చలించినవాడు జీపు డ్రైవరు దాలినాయుడు. బొమ్మకి ఎడంపక్క, చాలా దూరంగా, వేపచెట్టు నీడలో కూర్చుని అతను క్యారేజీ విప్పుకున్నాడు. ఎర్ర ఈకల తోక ఉన్న సూది వచ్చి అతని పెరుగన్నంలో నిటారుగా దిగబడింది.

"ఓలమ్మో! నా కూటికి మత్తిచ్చీసినారేటండీ మేడంగారూ!"

"నీకు తగల్లేదు కదా దాలినాయుడూ?"

"నాకు తగిలితే ఈపాటికి గుర్రెట్టీవోణ్ణి. ఇంతకీ తవరు దేన్ని కొట్టాలనుకున్నారు?"

సత్యవేణి తుపాకీని ఒళ్ళో పెట్టుకుని, పైనున్న స్కోపుని రెండు వేళ్ళతో పట్టుకుని కదిపింది. ఊడబోయే పాలపన్నులా అది అటూ ఇటూ ఊగింది.

ఆమెకి కారణం అర్థమైంది.

జీడిపుట్టుగ అటవీ రేంజిలో ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు. నడుమ జీడితోటలు, కొబ్బరితోటలు, పెరటికో పనసచెట్టు. పనస పండిందంటే ఆ వాసనకి ఎలుగుబంట్లు కొండ దిగి ఊళ్ళోకి వస్తాయి. వచ్చినదాన్ని మత్తుసూదితో పడుకోబెట్టి, బోనులో ఎక్కించి కొండల్లో వదిలేయాలి. సూది గురి తప్పితే రెండే దారులు. ఎలుగు మనిషిని చీరేస్తుంది, లేదా మనుషులు కర్రలతో ఎలుగుని చంపేస్తారు. రేంజి మొత్తానికి ఉన్నది ఒకటే మత్తు తుపాకీ. దాన్ని పేల్చే శిక్షణ పొందినది డిప్యూటీ రేంజరు సత్యవేణి ఒక్కతే. పనస అప్పటికే దోరకి వచ్చింది.

స్కోపుని తుపాకీ వీపు మీద పట్టి ఉంచేవి రెండు ఉక్కు రింగులు. ఒక్కో రింగుకి పైన చిన్న స్క్రూలు. ఆ స్క్రూలు వదులయ్యాయి. బిగిస్తే సరిపోతుంది.

కానీ ఆ స్క్రూల మీద లక్క సీలు ఉంది.

*

స్టోర్సు సూపరింటెండెంటు లోకనాథంగారు లక్కలో నమ్మకం ఉన్న మనిషి. ఎప్పుడో ఆఫీసులో ఎవరో కుర్చీ స్క్రూలు ఊడదీసి పట్టుకుపోయారట. ఆనాటి నుంచీ ఏటా తనిఖీ అయ్యాక, ప్రభుత్వపు ప్రతి స్క్రూ మీదా ఆయన స్వయంగా కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి, సింహాల ముద్ర గుద్దుతూ వచ్చారు. కుర్చీలకి సీలు. బీరువాలకి సీలు. ఆయన గదిలో ఫ్యాను రెగ్యులేటరుకి కూడా సీలే. ఏ వేగం మీద ఉండగా ముద్ర పడిందో ఆ వేగంలోనే అది ఏళ్ళ తరబడి తిరుగుతోంది. చలికాలంలో ఆయన మఫ్లరు చుట్టుకుని కూర్చుంటారు తప్ప సీలు మాత్రం తీయరు.

"రింగులు వదులయ్యాయండీ. చిన్న తాళంచెవి లాంటిది ఉంటుంది చూడండి, అది ఇస్తే బిగించుకుంటాను," అంది సత్యవేణి.

లోకనాథంగారు తుపాకీని అటూ ఇటూ తిప్పి చూశారు.

"వదులవడానికి వీల్లేదమ్మా. సీలు చెక్కుచెదరలేదు."

"సీలు పైన ఉందండీ. కింద స్క్రూ వదులైంది. చూడండి, ఊగుతోంది."

"ఊగుతున్నది స్కోపు. నేను బాధ్యుణ్ణి సీలుకి. సీలు ఊగుతోందా?"

"లేదండీ."

"మరి!" అన్నారాయన గెలిచినవాడిలా. "ఈ సీలు పగలగొట్టాలంటే తనిఖీ అధికారి రావాలి. తనిఖీ అధికారి రావాలంటే వస్తువు పాడైందని నేను రాయాలి. సీలు బాగున్న వస్తువు పాడైందని నేనెలా రాస్తాను? నా చేత అబద్ధం రాయించకమ్మా."

"కనీసం స్కోపు పక్కనున్న మీటలు తిప్పి గురి సరిచేసుకుంటాను. వాటి మూతలైనా—"

"వాటికీ సీలుందమ్మా," అన్నారాయన గర్వంగా. "మూత కిందే ముద్ర గుద్దాను. ఎవరి కంటికీ కనపడదు."

*

స్క్రూలు వదులవడానికి కారణం లక్క కాదు. నూనె. ఆ నూనె డివిజను అటవీ అధికారి, డి.ఎఫ్.ఓ. పరాంకుశంగారిది.

పరాంకుశంగారికి మెరుపంటే ప్రాణం. ఈ డివిజనుకి వచ్చిన కొత్తలో ఆయన 'మెరుపు వారోత్సవాలు' ప్రకటించారు. శాఖలోని ప్రతి లోహపు వస్తువూ తళతళలాడాలి. వారోత్సవాలు ముగిశాక మెరుపు తగ్గడం గమనించి, వారోత్సవాలని శాశ్వతం చేశారు. అప్పటి నుంచీ ప్రతి సోమవారం సిబ్బంది అంతా వరండాలో కూర్చుని గొలుసులకీ, గంటకీ, బోను కమ్మీలకీ, తుపాకీకీ కొబ్బరినూనె పట్టిస్తారు. పక్కనే కొబ్బరితోటలు కాబట్టి నూనెకి లోటు లేదు. తుపాకీకయితే కీళ్ళనొప్పుల రోగికి పట్టించినట్టు పట్టిస్తారు. ఆ నూనె మెల్లగా రింగుల సందుల్లోకి దిగి, స్క్రూ మరల్లోకి పాకి, పేల్చిన ప్రతిసారీ అదిరే అదురుకి స్క్రూలని జారవిడుస్తోంది.

సత్యవేణి ఈ సంగతి ఆయన ముందు పెట్టింది.

పరాంకుశంగారు కళ్ళు మూసుకుని విన్నారు. తరువాత కళ్ళు తెరిచి, "నూనె కారణంగా ఏ వస్తువైనా జారుతుందని శాఖాపరంగా ఇంతవరకు నిరూపితం కాలేదు," అన్నారు. "అయినప్పటికీ సమస్యని సమగ్ర దృక్పథంతో పరిశీలించాల్సిన ఆవశ్యకత ఉంది. సంఘం వేద్దాం."

సంఘం పడింది. స్కోపులో ఉన్నది అద్దాలు. అద్దాలు కంటికి సంబంధించినవి. అందుచేత సంఘంలో ఒక కళ్ళ డాక్టరుని వేశారు. ఆయన వచ్చి సత్యవేణి కళ్ళల్లో చుక్కలు వేసి, గోడ మీది అక్షరాలు చదివించి, దృష్టి అమోఘంగా ఉందని తేల్చి, టీ తాగి వెళ్ళిపోయాడు. దృష్టి బాగుండీ గురి తప్పుతోందంటే లోపం మనిషిలో లేదు. తుపాకీకి సీలు ఉంది కాబట్టి లోపం తుపాకీలోనూ లేదు. ఇక మిగిలింది బొమ్మ.

"తుపాకీ ప్రభుత్వ ఆస్తి," అని పరాంకుశంగారు సంఘం తరఫున నిర్ణయం చదివారు. "సీలు పడినది. కదపరాదు. బొమ్మ గోనెసంచి. కదపవచ్చును. కావున సూది ఏ స్థానమునకు పోవుచున్నదో ఆ స్థానమునకు బొమ్మను తరలించవలెను. బొమ్మ పూర్వస్థానమందు ఒక తెల్లటి మేకు పాతవలెను. షూటరు మేకుకు గురిపెట్టవలెను. సూది బొమ్మకు తగులును."

సత్యవేణి ఆయన ముఖంలోకి చూసింది. నవ్వు ఛాయ ఎక్కడా లేదు.

"సార్, నిజమైన ఎలుగుబంటి వచ్చినప్పుడో?"

"అది అమలు దశలో పరిశీలించదగిన అంశం."

*

బొమ్మని వేపచెట్టు దగ్గరికి మార్చారు. దాలినాయుడు క్యారేజీతో సహా మరో చెట్టు చూసుకున్నాడు. సత్యవేణి తెల్లమేకు మీద గురిపెట్టి పేల్చింది. సూది వెళ్ళి బొమ్మ పొట్టలో దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. పరాంకుశంగారు మిఠాయి తెప్పించారు.

మళ్ళీ సోమవారం వచ్చింది. నూనె పట్టారు. సూది ఇంకాస్త ఎడమకి పోయింది. బొమ్మని ఇంకాస్త ఎడమకి జరిపారు. ఆపై సోమవారం ప్రహరీ గోడ అడ్డొచ్చింది. పక్కనున్న కొబ్బరితోటలోకి బొమ్మని దాటించాల్సి వచ్చింది. సూది పోవడానికి గోడకి కిటికీ అంత కంత కొట్టారు. వారం వారం బొమ్మని మోయడానికి మనుషులు కావాలి కనక 'బొమ్మ స్థాన నిర్ణయ విభాగం' ఏర్పడింది. దానికి అదనపు బాధ్యతలతో లోకనాథంగారు అధిపతి అయ్యారు. బొమ్మకి కూడా సీలు వేద్దామని ఆయన ముచ్చటపడ్డారు గానీ, గోనె మీద లక్క నిలవలేదు.

ఈలోగా సత్యవేణి, దాలినాయుడు దొంగచాటుగా ప్రయత్నాలు చేయకపోలేదు. ఓసారి పాత సైకిలు ట్యూబు ముక్క కోసి రింగుల చుట్టూ బిగించి కట్టారు. రబ్బరు మెరవదు గనక సోమవారం తనిఖీలో దాన్ని పీకేశారు. మరోసారి సత్యవేణి తన గోళ్ళరంగు తెచ్చి, రింగు అంచు మీద స్క్రూ పక్కగా రాసింది. ఆరితే బిగుసుకుంటుందని ఆశ. కింద నూనె ఉండగా రంగు అంటుకుంటుందా? పొరలా ఊడి వచ్చింది. "గులాబీ రంగు శాఖ ఆమోదిత వర్ణముల జాబితాలో లేదు," అని మెమో మాత్రం అంటుకుంది.

ఇక ఒకరోజు ఆమె తెగించి అడిగేసింది.

"సార్, మేకు వైపు కాకుండా నేను నేరుగా బొమ్మ వైపే చూసి కొడతాను. ఎంత పక్కకి పోతోందో లెక్కేసుకుని—"

పరాంకుశంగారు బాధపడ్డారు. "సత్యవేణిగారూ, అందరూ బొమ్మ వైపే చూసి కొట్టేటట్లయితే ఇక స్థాన నిర్ణయ విభాగం దేనికి?"

ఆ నెలలోనే జీడిపుట్టుగ రేంజికి 'శతశాతం గురి' పతకం వచ్చింది. సత్యవేణికి శాలువా కప్పారు. మనిషి కదా, ఆమె ఆ శాలువాని ఇంటికి తీసుకెళ్ళి అద్దం ముందు ఓసారి కప్పుకుని చూసుకుంది. బాగానే ఉంది. మరుక్షణమే కొండవైపు కిటికీలోంచి పనసపండు వాసన గుప్పుమంది. శాలువా తీసి పెట్టెలో పడేసింది.

*

సోమవారం మధ్యాహ్నం ఫోను మోగింది. వరండాలో తుపాకీకి అప్పుడే నూనె పట్టడం పూర్తయింది.

"బైరాగి జీడిపిక్కల షెడ్డులో ఎలుగు దూరీసిందంట!" దాలినాయుడు జీపు స్టార్టు చేస్తూ అరిచాడు. "బైరాగి అటకెక్కీసినాడంట! నిచ్చెన పడిపోనాదంట!"

షెడ్డు చుట్టూ ఊరంతా ఉంది. సగంమంది చేతుల్లో కర్రలున్నాయి. తలుపు దగ్గర నడుముకి కొంగు బిగించి, చేతిలో పిక్కలు కొట్టే సుత్తితో ఒక ఆడమనిషి లోపలికి చూసి కేకలేస్తోంది. బైరాగి భార్య గున్నమ్మ.

"ఓ మావా! ఆ పనసపళ్ళు కిందకి తోసీవేటి! దానికి కావలిసింది అవి. నిన్నెవుడు తింటాడు!"

సత్యవేణి తలుపు సందులోంచి చూసింది. నల్లటి, గుబురు జుట్టు ఎలుగుబంటి. జీడిపిక్కలు వేయించిన పొయ్యి బొగ్గుల పక్కన కూర్చుని పైకి చూస్తోంది. పైన వెదురు అటక. దాని నిండా పనసపళ్ళు. వాటి మధ్య, వాటికన్నా బిగుసుకుపోయి, బైరాగి.

"ఓలే గున్నా! ఇవి మేలురకం పళ్ళే! పిల్లల్లాగ సాకినానే!"

"నీకున్న పిల్లలు బయటున్నార్రా మావా! దిగి సూడు!"

"దిగమంటావేటే! కింద అది కూకుంది!"

అటక ఒకసారి కిర్రుమంది. ఆ వెదురు ఇంకెంతసేపు ఆగుతుంది? ఎలుగు స్తంభం పట్టుకుని ఎక్కితే?

అప్పటికే పరాంకుశంగారు వచ్చారు. ఆయన వెనక లోకనాథంగారు, ఆయన వెనక బొమ్మ స్థాన నిర్ణయ విభాగం మొత్తం సున్నపు డబ్బాతో, మేకుతో దిగింది.

"సార్, తలుపు దగ్గరికి వెళ్ళి దగ్గర్నుంచి కొడతాను," అంది సత్యవేణి. "కానీ ఈ స్కోపుతో కాదు. ఇవాళే నూనె పట్టారు. ఎటు పోతుందో ఆ భగవంతుడికే తెలియాలి. పైన మనిషి ఉన్నాడు. అతనికి తగిలితే ఎలుగు డోసు అతను తట్టుకోలేడు."

"అందుకే పద్ధతి అనేది ఉంది," అన్నారు పరాంకుశంగారు. "ముందు సూది ఎక్కడికి పోతుందో పరీక్షించుదాం."

ఖాళీ సూది ఎక్కించి బయట పరీక్షించారు. మేకు మీద గురిపెడితే సూది వెళ్ళి పక్కింటి గడ్డివాములో దిగింది. విభాగం పరుగెత్తి దూరం కొలిచింది. ఆ కొలత ప్రకారం షెడ్డు లోపలికి తలుపు సందులోంచి మేకు విసిరి, దానికి ఎడంగా, పిక్కల బస్తాల పక్కన, సూది పడబోయే చోట, పొడుగాటి గెడకి కుంచె కట్టి సున్నంతో గుండ్రంగా గీశారు. ఎలుగుబంటి తల తిప్పి ఆ కుంచెని వాసన చూసి తుమ్మింది.

"ఇక వన్యప్రాణి ఆ వలయంలోకి రావలసి ఉంది," అన్నారు పరాంకుశంగారు.

"రాకపోతేనండీ?" అన్నాడు దాలినాయుడు.

"రప్పించాలి. మైకు."

మైకు ఇచ్చారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"షెడ్డులో ఉన్న వన్యప్రాణికి తెలియజేయునది. తమ భద్రత దృష్ట్యా, తమకు ఎడమవైపున తెల్లని గీతతో సూచించిన స్థానమునకు తరలి, అక్కడ ఐదు నిమిషములు నిశ్చలముగా ఉండవలెనని శాఖ కోరుచున్నది."

ఊరంతా నోరు తెరిచింది. గున్నమ్మ మైకు వైపు ఒకసారి, పరాంకుశంగారి వైపు ఒకసారి చూసింది.

"బాబూ, దానికి ఒడియా వొచ్చేమో. కొండ అవతల్నుంచి దిగింది."

పరాంకుశంగారు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. "ఒడియా అనువాదకులు ఎవరైనా ఉన్నారా?" అని విభాగాన్ని అడిగారు.

లోపల ఎలుగు లేచి నిలబడింది. విన్నపం విన్నందుకు కాదు, పనసపండు వాసన దాని ఓపికని మించిపోయినందుకు. ముందరి కాళ్ళు అటక స్తంభానికి ఆనించింది. గోళ్ళు కర్రలోకి దిగిన చప్పుడు బయటికి వినిపించింది.

"ఓలమ్మా! ఎక్కుతోందే! ఓలే గున్నా, ఎక్కుతోందే!"

సత్యవేణి ఇక ఎవరినీ అడగలేదు. తుపాకీని తలుపు పక్కనున్న పిక్కలు కొట్టే బల్ల మీద అడ్డంగా పెట్టింది.

"గున్నమ్మా, ఆ సుత్తి ఇలా తే. ఈ ఎర్రగా ఉన్నదాన్ని కొట్టు. మెల్లగా కాదు, పిక్క పగలగొట్టినట్టు కొట్టు."

"అమ్మా! అది ప్రభుత్వ ముద్ర!" లోకనాథంగారు రెండు చేతులూ చాచి అడ్డం వచ్చారు. "సింహాలున్నాయమ్మా దాని మీద!"

"లోపల ఎలుగుంది బాబూ," అంది గున్నమ్మ. ఆయన్ని మోచేత్తో పక్కకి నెట్టి, ఊరి ఆడవాళ్ళు రోజంతా చేసే పనిని ఒక్క క్షణంలో చేసింది. టక్. టక్. లక్క పెచ్చులుగా రాలింది.

స్క్రూలకి తాళంచెవి అవసరమే రాలేదు. సత్యవేణి చూపుడువేలితో తిప్పితే గిర్రున తిరిగి ఊడివచ్చాయి. రింగులు విడిపోయాయి. వాటి లోపల్నుంచి కొబ్బరినూనె ధారగా కారింది. స్కోపుని దాలినాయుడి చేతిలో పడేసి, మందు నింపిన సూది ఎక్కించి, ఆమె తుపాకీ భుజానికెత్తుకుంది.

"తలుపు పట్టుకో. నేను బయటికి దూకగానే వేసెయ్."

లోపల పొగ, జీడినూనె వాసన, బైరాగి కేకలు. ఎలుగు స్తంభం సగం ఎక్కేసింది. నల్లటి వీపు ఆమె వైపు ఉంది. సత్యవేణి గొట్టం వెంబడి చూసింది. అంతే. గీతల్లేవు, మేకు లేదు. గొట్టం చివర, దాని అవతల తొడ.

ఠప్!

సూది తొడలో దిగింది. ఎలుగు జర్రున కిందికి జారింది. తిరిగింది. అరిచింది. ఆ అరుపుకి షెడ్డు రేకులు మోగాయి. సత్యవేణి వెనక్కి దూకిన క్షణమే దాలినాయుడు తలుపు గట్టిగా మూశాడు. లోపల్నుంచి ధబ్బున ఏదో తలుపుని గుద్దింది. దాలినాయుడు, సత్యవేణి, గున్నమ్మ ముగ్గురూ తలుపుకి వీపులు ఆనించి నిలబడ్డారు. వాళ్ళ వెనక ఊళ్ళోవాళ్ళు కొందరొచ్చి చేతులు వేశారు. మందు ఎక్కడానికి టైము పడుతుంది. ఆ టైము లోపల ఒంటరిగా ఉన్నది బైరాగి.

"మావా! ఇప్పటికైనా పళ్ళు తోసీ!"

లోపల ధబ్. పనసపండు నేల మీద పడి పగిలిన చప్పుడు. తలుపు మీద గుద్దులు ఆగాయి. నములుతున్న చప్పుడు. మళ్ళీ ధబ్. మళ్ళీ నమలడం. ఒక్కో పండు తోస్తున్నప్పుడల్లా బైరాగి మూలుగు వినిపిస్తోంది. అంత మంచి పళ్ళు మరి.

"మేడంగారూ!" లోపల్నుంచి సన్నటి గొంతు. "కూకుంది."

"ఇంకా?"

"ఆవలిస్తంది... పండు మీద తల పెట్టీసింది... నాకూ ఆవలింతలొస్తన్నాయి... మేడంగారూ, గుర్రెడతంది!"

ఊరు ఒక్కసారి ఈల వేసింది. నిచ్చెన వేసి బైరాగిని దించారు. గున్నమ్మ అతని ఒళ్ళంతా తడిమి, ఎక్కడా గాయం లేదని తేల్చుకుని, అప్పుడు వీపు మీద ఒక్కటిచ్చింది. సందె వేళకి ఎలుగు బోనులో కొండ చేరింది. మర్నాడు మెలకువ వచ్చి, ఒళ్ళు విరుచుకుని, వెనక్కి చూడకుండా అడవిలోకి నడిచి వెళ్ళిపోయింది.

*

సీలు పగలగొట్టినందుకు సత్యవేణి మీద అభియోగం తయారైంది. సంతకం అవబోతుండగా పైనుంచి అభినందన ఫోను వచ్చింది. దాంతో పరాంకుశంగారు కలం ఆపి, వాక్యం మార్చారు. 'స్థాన నిర్ణయ విధానపు స్ఫూర్తితో, వన్యప్రాణి తనంతట తానే సూది మార్గములోనికి విచ్చేసినది' అని నివేదిక వెళ్ళింది.

లోకనాథంగారికి మాత్రం కంటిమీద కునుకు లేదు. సీలు లేని స్క్రూలు ఆయన పుట్టాక చూడలేదు. లక్క, కొవ్వొత్తి పట్టుకుని పరుగున వచ్చారు.

"ఊడిపోయిన వస్తువుకి సీలు వేస్తారా?" అంది సత్యవేణి.

ఆయన తడబడ్డారు. "బిగించిన దానికే వేయాలి."

"అయితే బిగించడానికి ఆ తాళంచెవి ఇవ్వండి."

ఇచ్చారు. ఆమె కిరసనాయిలు గుడ్డతో రింగుల లోపలా, స్క్రూ మరల్లోనూ ఉన్న నూనెంతా తుడిచింది. ఎండలో ఆరబెట్టింది. స్కోపు రింగుల్లో పెట్టి, ఒక స్క్రూని కాస్త, దాని ఎదురు స్క్రూని కాస్త, అన్నీ సమంగా బిగుసుకునేలా మార్చి మార్చి తిప్పింది. ఒకదాన్నే ఒక్కసారి బిగించేస్తే గొట్టం నలిగిపోతుంది. చివర్న ఊపి చూసింది. ఊగలేదు. మీటల మూతల కింది పాత లక్కని కూడా గీకేసి, మళ్ళీ సీలు పడకముందే గురి సరిచేసుకుంది. తరువాత లోకనాథంగారి లక్కని రింగు అంచుల చుట్టూ పడేలా దగ్గరుండి పోయించింది. నూనె దూరే సందే మిగల్లేదు. ఆయన సింహాలు గుద్ది, చెమట తుడుచుకుని, హాయిగా నిద్రపోయారు.

సోమవారం సాధన. పద్ధతి ప్రకారం సత్యవేణి తెల్లమేకు మీద గురిపెట్టి పేల్చింది. సూది వెళ్ళి మేకుని చీల్చింది. గోడ కంత అవతల, కొబ్బరితోటలో, గోనె ఎలుగుబంటి ఏ గాయమూ లేకుండా నిలబడి ఉంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ మేకే. శతశాతం పతకం సాధించిన రేంజి మార్కు సున్నాకి పడిపోయింది.

"బొమ్మని మేకు దగ్గరికి తెస్తే సరి కదండీ," అన్నాడు దాలినాయుడు.

"బొమ్మని ఎడమకి తరలించడానికే విభాగానికి అధికారం ఉంది," అన్నారు లోకనాథంగారు నొచ్చుకుంటూ. "కుడికి లేదు."

సంఘం మళ్ళీ కూర్చుంది. ఈసారి కళ్ళ డాక్టరు రాలేదు, అప్పుడిచ్చిన టీ బాగాలేదట. పరాంకుశంగారు తుపాకీని ముందు పెట్టుకుని, స్కోపుని పట్టుకుని ఊపబోయారు. ఊగలేదు. ఆయన ముఖం గంభీరమైంది.

"లోపం దొరికింది," అన్నారు. "ఇది పూర్వం కదిలేది. ఇప్పుడు కదలడం లేదు. రింగులు బిగుసుకుపోయాయి. పనసల కాలం ఇంకా ముగియలేదు. ఈ స్థితిలో ఇంకో వన్యప్రాణి వస్తే ప్రజల ప్రాణాలకి ఎవరు పూచీ? సత్యవేణిగారూ, రింగులను తక్షణమే వదులు చేయవలసిందిగా లిఖితపూర్వకంగా ఆదేశిస్తున్నాను. సీలు తీయడానికి ప్రత్యేక అనుమతి ఇస్తున్నాను."

గదిలో అందరూ ఆమె వైపు చూశారు. ఆమె వాదిస్తుందనుకున్నారు. దాలినాయుడైతే తలుపు దగ్గరికి జరిగాడు.

"అలాగే సార్," అంది సత్యవేణి. "ఎంత వదులు చేయమంటారు?"

"సంపూర్ణంగా," అన్నారు పరాంకుశంగారు.

ఆమె అక్కడే, ఆయన బల్ల మీదే, లక్క పగలగొట్టింది. స్క్రూలన్నీ విప్పింది. రింగులు తీసింది. స్కోపు, రింగులు, స్క్రూలు మెరుస్తున్న ఇత్తడి పళ్ళెంలో పేర్చి, పరాంకుశంగారి ముందుకి జరిపింది. స్కోపు లేని తుపాకీని భుజానికి తగిలించుకుంది.

"ఇంతకన్నా వదులు చేయడం నా వల్ల కాదు సార్."

పరాంకుశంగారు పళ్ళెంలోకి వంగి చూశారు. పైపైన నూనె పట్టిన రింగులు దీపం వెలుగులో ధగధగలాడుతున్నాయి. ఆయన మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వారు.

"బాగుంది. ఇలాగే ఉంచండి," అన్నారు. "లోకనాథంగారూ, పళ్ళేనికి సీలు వేయండి."

బయట దాలినాయుడు అప్పటికే జీపు స్టార్టు చేశాడు. కొండకింద ఊళ్ళోంచి ఫోను వచ్చిందట, బడి వంటగదిలో ఎలుగుబంటని. సత్యవేణి తుపాకీ ఒళ్ళో పెట్టుకుని ముందుసీట్లో ఎక్కింది.

"మేకు తేవాలేటండీ?" అన్నాడు అతను.

"వద్దు," అంది ఆమె. "పోనీ."